ఆఖరి చరణంలో పేరు

మా భజన గుడిలో అన్నిటికంటే పెద్ద తిట్టు "సొంత పైత్యం". పురాణం చదివేవాడు ఒక మాట మింగినా, ఒక మాట కలిపినా, తాళాలు పట్టుకుని కూర్చున్న పెద్దలు వెంటనే చెయ్యి ఎత్తేవాళ్ళు. "సొంత పైత్యం పెట్టొద్దురా, ఉన్నది ఉన్నట్టు చదువు" అనేవాళ్ళు. నేను అక్షరాలు నేర్చుకున్నది బడిలోనే అయినా, చదవడం నేర్చుకున్నది మాత్రం ఆ గుడిలో. కంఠతా వచ్చిన పద్యాన్ని కూడా పుస్తకం మీద వేలు పెట్టి చదవాలి. ఎందుకంటే ఆ మాట మనది కాదు. మనకంటే ముందు ఎవరో తపస్సు చేసి పట్టుకున్న మాట. దాన్ని కింద పడకుండా పక్కవాడికి అందించడమే మన పని. నాకు యాభై దాటాయి. ఇప్పటికీ నా నమ్మకం అదే.

మా ఊరు కొనకనమిట్ల నుంచి లోపలికి పోయే ఊళ్ళలో ఒకటి. వానొస్తే కంది, రాకపోతే గొర్రెలు. ఊరి బయట గుట్ట కింద మా గురువుగారి సమాధి, దాని ముందు ఒక రేకుల షెడ్డు ఉన్నాయి. ఆ షెడ్డునే మేం గుడి అంటాం. ఆయన సమాధి అయిన రోజు నాయన భుజం మీద కూర్చుని జనాన్ని చూసిన గుర్తు ఉంది కానీ ఆయన ముఖం గుర్తు లేదు. నాకు ఆయన్ను తెలిపింది పాటలే. మాలో ఒక కట్టుబాటు ఉంది. గురువు పేరు మామూలు మాటల్లో పలకం. ఎవరైనా అడిగినా "మా గురువు" అంటామే తప్ప పేరు చెప్పం. ఆ పేరు పలికే చోటు ఒక్కటే, పాటలో ఆఖరి చరణం. అక్కడికి వచ్చేసరికి అందరూ తాళం పెద్దది చేసి, కళ్ళు మూసుకుని, గొంతెత్తి పలుకుతారు. చిన్నప్పుడు ఆ ఒక్క పలుకు కోసమే పాట మొత్తం ఓపిక పట్టేవాణ్ణి.

ఆ పాటలన్నీ తెలిసిన మనిషి ఇప్పుడు ఒక్కరే మిగిలారు. మా అమ్మకు అక్క, నాకు పెద్దమ్మ. పెదనాయన పోయినప్పటి నుంచి గుడి ఊడ్చేదీ, దీపం పెట్టేదీ, ఆరాధన నాడు పొయ్యి దగ్గర నిలబడేదీ ఆమే. అక్షరం రాదు. ఒకప్పుడు ఆమె పాట ఎత్తుకుంటే పక్క ఊరి పొలాల్లో వాళ్ళు పని ఆపేవాళ్ళని మా అమ్మ చెప్పేది. ఇప్పుడు ఆ గొంతు గీరుకుపోయింది. రెండు చరణాలకే దగ్గు వస్తుంది.

మార్కాపురం బస్టాండు దగ్గర నాకొక చిన్న డీటీపీ దుకాణం ఉంది. పెళ్ళి పత్రికలు, ఫ్లెక్సీలు, పలకల ఫ్యాక్టరీల బిల్లు పుస్తకాలు చేస్తుంటాను. నాలుగేళ్ళ కిందట గిద్దలూరు వైపు నుంచి ఒక భజన బృందం వాళ్ళు ఫ్లెక్సీ కోసం వచ్చారు. వాళ్ళలో ఒకాయన ఫోన్లో తమ వీడియో చూపించాడు. పాట మొదలుకాగానే నా చెయ్యి మౌసు మీద ఆగిపోయింది.

బోరు వేసిన చోట నీరు లేదాయె
నోరు మూసిన చోట ఊరెనే ఊట

అది మా గుడి పాట. చరణాలన్నీ అవే. ఆఖరి చరణంలో మాత్రం మా గురువు పేరు లేదు. అక్కడ వాళ్ళ బృందం పెద్దాయన పేరు ఉంది.

"అన్నా, ఇది మాది గదా" అన్నాను.

"మీదేంది? మా పెద్దాయన కట్టినాడు. ఇంద, చూడు. కింద రాసుండాది గదా, రచన, గానం, సర్వ హక్కులు అని."

"రాస్తే అయిపోతాదా అన్నా?"

"రాయకపోతే ఎట్ల తెలుస్తాది? మీరు రాసినారా యాడన్నా? చూపియ్యి."

నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఆయన ఫ్లెక్సీ ఆయనకు చేసిచ్చాను. దాని మీద ఆ పెద్దాయన ఫొటో నేనే కత్తిరించి పెట్టాను.

ఆ రోజు నుంచి నా మనసులో ఒకటే పని మిగిలింది. పెద్దమ్మ ఉండగానే ఆ పాటలు, ఆఖరి చరణంలో గురువు పేరుతో సహా, ఎవరూ కాదనలేని చోట పెట్టాలి. ఇప్పుడు ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఫోన్లో వెతుకుతారు. వెతికితే ముందు వచ్చేది ఎవరైనా రాయగలిగే ఆ విజ్ఞాన సర్వస్వం. అక్కడ ఉంటే నిజం అంటారు. సరే, ఎవరైనా రాయొచ్చు కదా అని ఖాతా తెరిచాను.

మొదటి పేజీ మా గురువుగారి ఆశ్రమం మీద, అంటే ఆ గుడీ సమాధీ మీదే. ఎప్పుడో జిల్లా పేపర్లో మా ఆరాధన గురించి ఒక చిన్న వ్యాసం వచ్చింది. దాన్ని అక్షరం పొల్లుపోకుండా టైపు చేశాను. కింద పేపరు పేరు, తేదీ పెట్టాను. మా గుడిలో నేర్పిన పద్ధతి అదే, ఉన్నది ఉన్నట్టు, ఎవరిదో చెప్పి చదవడం. మధ్యాహ్నం పెట్టాను, సాయంత్రానికి పోయింది. నా పేరు మీదున్న చర్చ పేజీలో ఒక సభ్యుడు రాశాడు.

"నమస్తే. మీరు చేర్చిన పాఠ్యం దినపత్రిక వ్యాసానికి నకలుగా ఉంది. కాపీహక్కుల సమస్య ఉన్నందున తొలగించాను. దయచేసి మీ సొంత మాటల్లో రాయండి."

సొంత మాటల్లో! జన్మంతా వద్దని కొట్టి నేర్పినదాన్ని ఈయన చెయ్యమంటున్నాడు. నేనూ రాశాను.

"అయ్యా, పేపరు పేరు పెట్టాను కదా. దొంగతనం చేసేవాడు ఇంటివాడి పేరు చెప్పి చేస్తాడా?"

"ఆధారం ఇవ్వడం వేరండీ, హక్కు ఉండడం వేరు. పక్కింటివాళ్ళ బండి అడగకుండా తీసుకుపోయి, ఇది పక్కింటివాళ్ళదే అని అందరికీ చెప్పినా, అడగనట్టే కదా."

కోపం వచ్చింది. కానీ మాట సరిగ్గానే ఉంది. మళ్ళీ కూర్చుని వ్యాసంలో మాటలు మార్చాను. "జనసందోహం" తీసి "జనసమూహం" అన్నాను. "భక్తిశ్రద్ధలతో" తీసి "శ్రద్ధాభక్తులతో" అన్నాను. అదీ పోయింది. "మాటలు మారాయి కానీ వాక్యం వాళ్ళదే. ఒక పని చెయ్యండి. వ్యాసం చదవండి. పేపరు మడిచి పక్కన పెట్టండి. ఒక టీ తాగి రండి. తర్వాత ఏం అర్థమైందో అది రాయండి" అని ఓపిగ్గా చెప్పాడాయన.

టీ తాగి వచ్చాను. పేపరులోది ఏమీ గుర్తు రాలేదు. నాకు గుర్తొచ్చింది సాంబ్రాణి వాసన, పెద్ద గుండిగ కింద పెద్దమ్మ ఊదే పొయ్యి, ఆఖరి చరణం దగ్గర నాయన గొంతు. అదే రాశాను. అది కూడా కుదరదన్నాడు. అది జ్ఞాపకం అట, సమాచారం కాదట.

ఇట్లా నేర్చుకుంటూ పోయాను. నేర్చుకున్న కొద్దీ పేజీ చిన్నదైంది. "శ్రీశ్రీశ్రీ" తియ్యమన్నారు. "పరమపూజ్య" తియ్యమన్నారు. "అవతరించారు" అనకూడదు, "జన్మించాడు" అనాలి. ఎవరికైనా అదే పద్ధతి, రాజుకైనా, కూలికైనా. న్యాయమే అనిపించింది. కానీ మా గురువు గురించి "జన్మించాడు" అని కొట్టినప్పుడు, దుకాణంలో మనుషులున్నారని కూడా చూసుకోకుండా చెంపలు వేసుకున్నాను. పేరు టైపు చేసినప్పుడు అప్పటికే ఒకసారి వేసుకున్నాను. పెళ్ళి పత్రిక కోసం ఎదురుచూస్తున్న ఒకామె కంగారుపడింది.

"ఏంది నాయనా, మా పత్రికలో తప్పు పడిందా?"

"మీదాంట్లో కాదమ్మా."

గురువుగారు బతికుండగా గుట్ట కింద ఎండిన బావిలో ఆయన కాలు పెడితే నీరు వచ్చిందని రాశాను. ఆధారం కావాలన్నారు. "మా నాయన కళ్ళారా చూశాడు" అని రాశాను.

"మీ నాన్నగారు చూసింది నిజమే కావచ్చు. కానీ రేపు చదివేవాళ్ళు వెళ్ళి మీ నాన్నగారిని అడగలేరు కదండీ" అన్నాడు ఆ సభ్యుడు.

మా నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ సంగతి ఆ సభ్యుడికి తెలియదు. తెలియక అన్నా గుచ్చుకుంది. మేం విన్న పురాణాలన్నీ ఒకరు చెప్తే ఇంకొకరు విని, వారు మరొకరికి చెప్పినట్టే మొదలవుతాయి. మాకు ఆధారం అంటే చెప్పిన మనిషి. వీళ్ళకు ఆధారం అంటే అచ్చయిన కాగితం. నేను అచ్చు పని చేసి బతికేవాణ్ణి. డబ్బులిస్తే ఏ అబద్ధాన్నయినా అచ్చు వేసిస్తానని నాకు తెలుసు. కానీ ఆ మాట అక్కడ రాయలేదు.

ఊళ్ళో సంగతి తెలిసింది. ఒక గురువారం భజనకు పోతే తాళాలు వేసే పెద్దాయన అందరి ముందూ ఎత్తుకున్నాడు.

"ఏందిరా అబ్బోడా, గురువుకు ఆధార్ కార్డు తీపిస్తన్నావంట?"

"అట్ల కాదు మామా…"

"మరి పుట్టింది యాడ, పోయింది ఎప్పుడు, సాక్ష్యం ఎవరు అని అడుగుతన్నారంట గదా. రేషన్ కార్డు గూడా అడుగుతారేమో చూసుకో."

అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఆ దగ్గు వింటూ, ఆశ్రమం పేజీ ఎట్లా పోయినా ఫర్వాలేదు, పాటలు పెట్టాలి అనుకున్నాను.

పాటలు పెట్టడానికి వేరే విభాగం ఉంది, పాత పుస్తకాలూ పాటలూ ఉన్నవి ఉన్నట్టే దాచేది. ఉన్నది ఉన్నట్టు అనగానే నా ప్రాణం లేచివచ్చింది. బోరు పాటను ఆఖరి చరణంతో సహా ఎక్కించాను. మరుసటి రోజే దాని నెత్తిన హెచ్చరికతో ఒక ఎర్ర పెట్టె కట్టారు. ఈ పాట ఒక వీడియో ఛానెల్లో ముందే ఉంది, అక్కడ రచయిత పేరు, సర్వ హక్కులు అని స్పష్టంగా ఉన్నాయి, మీరు పెట్టింది దాని నకలులా కనిపిస్తోంది అని.

గిద్దలూరు వాళ్ళ పాట దొంగిలించినవాణ్ణి నేనయ్యాను.

ఆ సభ్యుడికి జరిగింది మొత్తం రాశాను. ఆయన నమ్మాడనే అనుకుంటున్నాను. మర్యాదగానే అడిగాడు. "మీరు చెప్పింది అర్థమైంది. అయితే ఈ పాట మీ గురువుగారు ఎప్పుడు రాశారు? ఎక్కడైనా అచ్చయిందా? ఆయన ఎప్పుడు మరణించారు? మన చట్టం ప్రకారం రచయిత పోయిన అరవై ఏళ్ళ దాకా హక్కులు వారసులకు ఉంటాయి. వారసులెవరు?"

గురువుగారు పోయి ఇంకా అరవై ఏళ్ళు కాలేదు. ఆయనకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు. అంతవరకు రాసి, పాట ఎప్పటిదో రాయబోయి ఆగాను. భజనలో ఎవరూ పాటకు ఏళ్ళు లెక్కపెట్టరు. నేనూ ఎప్పుడూ పెట్టలేదు. బోరు వేసిన చోట నీరు లేదాయె. మా ఊరికి బోరు బండి మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. పుస్తకాల సంచి పడేసి చూడడానికి పరిగెత్తాం. గురువుగారు పోయింది అంతకు ఎన్నో ఏళ్ళ ముందు, నేను నాయన భుజం మీద ఉన్నప్పుడు. బోరు అనేది ఆయన వినని మాట.

మర్నాడు దుకాణం మూసి ఊరికి పోయాను. పెద్దమ్మ వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది.

"పెద్దమ్మా, బోరు పాట ఎప్పటిది?"

"గుట్ట కింద బోరు బండి వచ్చినప్పటిది. ఎన్ని తావుల ఏసినా దుమ్మే లేసింది. మీ పెదనాయన ఆ దుమ్ములో నిలబడి చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినాడు. ఆయన్ను ఇంటికి పిల్చుకొచ్చి అన్నం పెట్టినాక కట్టినా."

"ఎవరు కట్టినారు?"

"ఎవరేంది? నేనే."

చేటలో కందులు ఎగురుతూనే ఉన్నాయి. ఆమె నా వైపు చూడను కూడా లేదు.

"మరి ఆఖర్న గురువుగారి పేరు…"

"ఇంకెవరి పేరు పెట్టమంటావు? నీ పేరు పెట్టాల్నా? నువ్వప్పుడు సంచి తగిలించుకోని బడికి పోతాంటివి."

"అన్ని పాటలూ నువ్వే కట్టినావా?"

"అన్నీ నేనెందుకు కడతా? కొన్ని నేను, కొన్ని పోయినోళ్ళు. గురువు పాట కట్టడురా. ఆయన మాట్లాడేవాడు. అది మా నోట్లో పాటై వచ్చేది."

నా పునాది కదిలిందని ఎవరైనా అనుకుంటారేమో. అట్లా ఏమీ కాలేదు. ఆమె చెప్పిన తర్వాత గురువుగారు ఇంకా పెద్దగా కనిపించారు. కాకపోతే నాకు వెంటనే ఇంకొకటి తోచింది. రచయిత బతికే ఉంది. ఇక్కడే, నా ఎదురుగా, కందులు చెరుగుతోంది. ఇంక వారసుల గొడవ లేదు. అరవై ఏళ్ళ గొడవ లేదు.

"అయితే పాట నీదే గదా పెద్దమ్మా?"

చేట ఆగింది.

"కట్టింది నేనే. నాది కాదు."

"అదెట్ల?"

"ఉపదేశం నాడు గురువు ముందర కూచోని, చేతిలో నీళ్ళు పట్టుకోని, తనువు, మనసు, ధనం ధారపోసినా. మీ అమ్మ పోసింది, మీ నాయన పోసినాడు. పోసినాక ఇంక నాదేముంటాది? నోరు ఆయనది. నోట్లోది ఆయనది."

బస్సులో తిరిగి వస్తూ ఆ మాటనే పట్టుకున్నాను. నాకు కొంచెం చట్టం వంటబట్టింది కదా. హక్కును రచయిత ఇంకొకరికి బదిలీ చెయ్యొచ్చని చదివాను. ఇది బదిలీ కాక మరేమిటి? నీళ్ళు ధారపోసి భూమి ఇచ్చినవాళ్ళున్నారు, పిల్లనిచ్చినవాళ్ళున్నారు. పాట ఎందుకు ఇవ్వకూడదు? దుకాణానికి రాగానే, పాట ఎప్పుడు పుట్టిందో కూడా దాచకుండా, ఎంతో ఉత్సాహంతో రాశాను. రచయిత్రి తన సర్వస్వాన్ని ఉపదేశ సమయంలో జలధారతో గురువుకు సమర్పించింది, కాబట్టి ఆమె కట్టిన పాటలన్నిటి మీదా హక్కు గురువుదే, గురువు వాటిని లోకం కోసమే ఇచ్చాడు అని. అంత గొప్ప వాదన నేను ఎప్పుడూ చెయ్యలేదనుకున్నాను.

ఆయన జవాబు వెంటనే రాలేదు. వచ్చినప్పుడు కూడా వెటకారం లేదు. ఉంటే బాగుండేది, కోపమైనా తెచ్చుకునేవాణ్ణి.

"మీ సంప్రదాయం మీద గౌరవంతోనే చెప్తున్నాను. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. పైగా మీరు చెప్పినదాన్ని బట్టి పాట పుట్టేనాటికి గురువు లేరు. చనిపోయిన వ్యక్తికి హక్కు ఎలా బదిలీ అవుతుందండీ?"

గురువు పోలేదు అని టైపు చేశాను. చెరిపేశాను. దానికి ఆధారం ఏది అంటాడు.

కింద ఇంకో మాట రాశాడాయన. "రచయిత్రి బతికే ఉన్నారు కాబట్టి దారి ఉంది. ఈ పాట నేనే రాశాను, స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేస్తున్నాను అని ఆమె తన పేరుతో ఒక మెయిలు పంపాలి. మీరు సహాయం చెయ్యొచ్చు, కానీ సమ్మతి ఆమెదే అయి ఉండాలి. అప్పుడు ఆ వీడియో విషయం కూడా పరిశీలించవచ్చు. అది రాకపోతే పాటనూ, స్వతంత్రమైన ఆధారాలు లేనందున ఆశ్రమం పేజీనీ తొలగించక తప్పదు."

ఆదివారం మళ్ళీ పోయాను. మెయిలులో పంపాల్సిన మాటలు ఫోన్లో రాసుకుని పోయాను. ఆమె గుడి అరుగు మీద ఒత్తులు చేస్తోంది. గిద్దలూరు వీడియో సంగతి ఆమెకు అప్పటిదాకా చెప్పలేదు. ఆ రోజు చూపించాను. పాట వస్తుంటే తల ఊపుతూ విన్నది. "గొంతు బాగుండాది ఆ పిల్లోడిది" అన్నది. ఆఖరి చరణం వచ్చింది. వీడియోలో గొంతు వేరే పేరు పలికింది. ఒత్తి చేస్తున్న వేళ్ళు అట్లాగే దూది పట్టుకుని ఉండిపోయాయి.

"ఇదెవరు?" అని అడిగింది.

చెప్పాను. దీన్ని ఆపాలంటే ఆమె ఒప్పుకోవాలని చెప్పాను. ఫోన్లోది చదివి వినిపించాను. ఈ పాట రచయితను నేనే. దీన్ని ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు…

"మార్చుకోవచ్చా?" అన్నది.

"లైసెన్సు అట్ల ఉంటుంది పెద్దమ్మా."

"మార్చినాడనే గదా నువ్వు ఇంత ఏడుస్తన్నావు? మళ్ళా మార్చుకోమని నా చేతనే చెప్పిస్తావా?"

"మార్చినా మొదట ఎవరిదో తెలుస్తుంది. అక్కడ రాసి ఉంటుంది."

"ఎవరిదని రాసుంటాది?"

"నీదని."

ఆమె లేచి గుడిలోకి పోయి, చేసినన్ని ఒత్తులు ప్రమిద పక్కన పెట్టి, వచ్చి కూర్చుంది.

"వాడు గురువు పేరు తీసి వాని పేరు పెట్టినాడు. నువ్వు గురువు పేరు తీసి నా పేరు పెడతానంటన్నావు. తేడా ఏందిరా?"

"పాటలో గురువు పేరే ఉంటుంది పెద్దమ్మా. కాగితంలోనే నీ పేరు. ఒక్క మాట చాలు. నేను కట్టినా అని. మొన్న నాతో అన్నావు గదా."

"నీతో అన్నా. నువ్వు నా బిడ్డవి. లోకానికి ఎట్ల చెప్తా? చెప్పినాక ఏ ముఖం పెట్టుకోని పోతా ఆయన దగ్గరికి?"

"చెప్పకపోతే ఆయన పేరు పోతుంది."

ఆ మాట గట్టిగానే అన్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సమాధి వైపు చూసింది. ఒప్పుకుంటుందేమో అనుకున్నాను. ఒప్పుకోకూడదని కూడా నాలో ఎక్కడో ఉంది, అది ఇప్పుడు తెలుస్తోంది.

"ఆ ఒక్క మాటే లేదురా నా దగ్గర" అన్నది. "ఇంకేదన్నా అడుగు."

నేను ఏం వాదించగలను? ఆమె నమ్మినదే నేనూ నమ్మాను. ఆమె స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి. దుకాణానికి వచ్చి ఆమె పేరుతో ఒక మెయిలు ఖాతా తెరిచి, ఆ మాటలన్నీ అందులో అతికించాను. నొక్కితే పోతుంది. నేనే నొక్కానని అవతలివాళ్ళకు ఎన్నటికీ తెలియదు. ఆ సభ్యుడు రాసిన మాట గుర్తొచ్చింది, సమ్మతి ఆమెదే అయి ఉండాలని. ఆ నియమం మీద నాకు అప్పటికి గౌరవం ఏర్పడి ఉంది. కష్టపడి నేర్చుకున్నాను కదా. మూసేశాను.

చెప్పినట్టే కొన్నాళ్ళకు రెండు పేజీలూ తీసేశారు. ఆ సభ్యుడు నా చర్చ పేజీలో "మీ కృషి వృథా కాదు, నియమాలు చక్కగా నేర్చుకున్నారు, వేరే వ్యాసాల్లో పాల్గొనండి" అని రాశాడు. మంచి మనిషి. ఆయన తప్పు ఏమీ లేదు. ఆ మాట రాయడం నాకు ఇష్టం లేదు కానీ నిజం అదే. ఇప్పుడు మా గురువు పేరు కొట్టి వెతికితే, ఈ పేరుతో పేజీ లేదు, మీరు సృష్టించవచ్చు అని వస్తుంది. పెద్దమ్మ చేత మిగిలిన పాటలు పాడించి ఫోన్లో పట్టాలని కూర్చోబెట్టాను. సగం పాటల్లో దగ్గు, సగం పాటల్లో మరుపు. బోరు పాట రెండో చరణం ఇప్పుడు ఆమెకు రాదు. నేను అందిస్తే, అట్లనా అని అడుగుతుంది.

గురువు అన్నీ చూస్తున్నాడు, ఆయన పేరు నిలబెట్టుకోవడం ఆయనకు తెలుసు అని మా వాళ్ళు అంటారు. నేనూ పైకి అంటాను. దీపం ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ మాట నా మనసులో నిలవడం లేదు.

ఈసారి ఆరాధనకు కుర్రవాళ్ళు దోర్నాల నుంచి పెద్ద సౌండు బాక్సులు తెచ్చారు. మా పాటలు పాడేవాళ్ళు లేరని ఫోన్లో ఉన్నవే పెట్టారు. బోరు పాట వచ్చింది. గిద్దలూరు వాళ్ళదే. ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలు ముందు వరుసలో కూర్చుని దానితో పాటు పాడారు. వాళ్ళకు మొత్తం నోటికి వచ్చు. పెద్దమ్మ గుంజకు ఆనుకుని కూర్చుని అరచేత్తో మోకాలి మీద తాళం వేస్తోంది. ఆఖరి చరణం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. పిల్లలు ఆగలేదు. కళ్ళు మూసుకుని, గొంతెత్తి, వీడియోలో ఉన్న ఆ పేరే పలికారు. ఒక్క అక్షరం పోనివ్వలేదు, ఒక్క అక్షరం కలపలేదు. తాళాల పెద్దాయన నా వైపు చూశాడు, నేను ఏమైనా అంటానేమోనని. ఏమనాలి? ఉన్నది ఉన్నట్టే చదివారు.